నాయనమ్మ పుస్తకం

ఉద్యోగరీత్యా స్వస్థలాన్ని విడిచి వచ్చిన మనవంటివారికి ఇల్లు అనే మాటకు రెండు అర్థాలుంటాయి. సెలవు దరఖాస్తులో రాసే సొంత ఊరు ఒకటి. సాయంత్రం బస్సు దిగి తలుపు తట్టే క్వార్టరు మరొకటి. ఈ రెండింటికీ నడుమ వంతెన కట్టేవి గొప్ప విషయాలేమీ కావు. ఒక ఊరగాయ జాడీ, పండుగనాటి పిండివంట, పడుకోబోయే ముందు కుటుంబమంతా కలిసి చెప్పుకునే ప్రార్థన వంటి చిన్న చిన్న సంగతులే. మా ఇంట ఆ వంతెన ఒక పాత తెలుగు బైబిలు. అది ఇంచుమించు కూలిపోవచ్చి, గత డిసెంబరులో తిరిగి నిలబడిన వైనాన్ని మన పత్రిక పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది ప్రకాశం జిల్లా. కోల్‌కతాకు బదిలీపై వచ్చి పదకొండేళ్లయింది. ఇంట్లో నేను, నా శ్రీమతి, ఎనిమిదో తరగతి చదువుతున్న అబ్బాయి, నాలుగో తరగతి అమ్మాయి, మా అమ్మ. పిల్లలు బడిలో ఇంగ్లీషు, వీధిలో బెంగాలీ, టెలివిజను ముందు హిందీ మాట్లాడతారు. తెలుగు మాట్లాడేది ఇంట్లోనే. చదవడం, రాయడం మాత్రం నేర్వలేదు.

శీతకాలంలో ఈ నగరంలో అయిదు గంటలకే పొద్దు గుంకుతుంది. ఇరుగుపొరుగు ఇళ్లలో సంధ్యాశంఖం మోగుతుంది. ఎనిమిది గంటలకు మా ఇంట ప్రార్థన. ముందొక పాట, తరువాత బైబిలులో ఒక అధ్యాయం, చివర అమ్మ ప్రార్థన. ఆ ప్రార్థనలో ఒక పెద్ద జాబితా ఉంటుంది. ఊళ్లో శనగ చేనుకు సమయానికి వాన, పెళ్లి కుదరని మేనకోడలు, మెట్ల మీద జారిపడిన పైఅంతస్తు బెంగాలీ మామ్మ, రాత్రి కాపలా కాసే దర్వాను, పిల్లల పరీక్షలు, చివరగా ఆఫీసులో నా పని. నా పై అధికారి ఆరోగ్యం కోసం మా అమ్మ ప్రతిరాత్రీ ప్రార్థిస్తుందని ఆయనకు నేటివరకూ తెలియదు.

కాలువ పనినుంచి వచ్చిన విశ్వాసం

మా కుటుంబానికి ఈ విశ్వాసం ఎలా వచ్చిందో అమ్మ ఒక కథలాగా చెబుతుంది. 1876-78 సంవత్సరాల మహాక్షామంలో తిండిగింజలు లేక జనం అలమటిస్తున్నప్పుడు, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకున్నారు. ఆకలిగొన్నవారికి దానం కాక కూలి దొరకాలని ఆయన సంకల్పం. అమ్మవాళ్ల ముత్తాత ఆ కాలువ గట్టున మట్టి మోశాడట. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి చరిత్రకెక్కింది.

ఆ మిషను నడిచినది అమెరికాలోని బాప్టిస్టు సంఘాల విరాళాలతో. 1853లో, ఫలితాలు కనిపించడంలేదన్న నిరాశతో నెల్లూరు కేంద్రాన్ని మూసివేయాలా అన్న చర్చ ఆ సంఘంలో వచ్చింది. దేశపటంలో ఒంటరిగా ఉన్న ఆ కేంద్రాన్ని ‘ఒంటరి నక్షత్రం’ అని సంబోధిస్తూ శామ్యూల్ స్మిత్ అనే కవి ఒక గీతం రాయగా, ఆ ఆలోచన విరమించుకున్నారు. డిసెంబరు రాగానే మా బాల్కనీలో కాగితపు నక్షత్రాన్ని వేలాడదీసేటప్పుడు అమ్మ ఈ సంగతిని పిల్లలకు చెప్పకుండా ఉండదు.

సముద్రాల కావలి పల్లెల నుంచి మన పల్లెలకు వచ్చినది కేవలం మతబోధ కాదు. కొన్ని ఇంటి అలవాట్లు కూడా వచ్చాయి. భోజనానికి ముందు కన్నులు మూసి కృతజ్ఞత చెప్పుకోవడం, ఆదివారం పనికి సెలవిచ్చి అందరూ కలిసి గుడికి వెళ్లడం, రాత్రివేళ ఒకరు చదువుతుంటే తక్కినవారు వినడం. మా తాతల ఇళ్లలో అక్షరం ప్రవేశించినది ఈ చివరి అలవాటు ద్వారానే. మా వంశంలో మొదటగా చదువు నేర్చినవారు అర్జీ రాయడానికి కాదు, ఈ పుస్తకం చదవడానికి నేర్చారు.

ఫోనులోని గొంతు

రెండేళ్లుగా అమ్మ చూపు తగ్గుతూ వచ్చింది. కంటి వెనుక పొర బలహీనపడిందనీ, కళ్లజోడు మార్చినా ప్రయోజనం ఉండదనీ వైద్యులు చెప్పారు. భూతద్దంతో కొంతకాలం నెట్టుకువచ్చింది. ఒకనాటి రాత్రి పుస్తకాన్ని మా అబ్బాయి ముందుకు జరిపి, “ఇవాళ నువ్వు చదువు నాయనా” అన్నది.

వాడు పేజీని కాసేపు చూశాడు. “నాకు రాదు నాయనమ్మా. ఇంగ్లీషులో చదవనా?” అన్నాడు. అంతలో వాడికొక ఉపాయం తోచింది. ఫోను తీసి తెలుగు బైబిలు పఠనాన్ని వినిపించాడు. స్పష్టమైన ఉచ్చారణ, గంభీరమైన కంఠం. అమ్మ చేతులు జోడించుకుని అధ్యాయం ముగిసేదాకా విన్నది. తరువాత, “బాగా చదివాడు. ఎవరి బిడ్డో!” అన్నది. అంతే. మరునాటినుంచి పుస్తకం బల్లమీదనే ఉండేది, ఫోను చదివేది, అమ్మ వినేది. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు.

తప్పు నాది. తెలుగు చదవగలిగిన నేను, ఆఫీసునుంచి ఆలస్యంగా వచ్చాననే సాకుతో ఆ వేళకు ఇంట్లో ఉండేవాణ్ణి కాను. పిల్లలకు అక్షరాలు నేర్పడాన్ని వేసవి సెలవులకనీ, దసరాకనీ వాయిదా వేస్తూ వచ్చాను. పదకొండేళ్ల సెలవులు అలాగే గడిచాయి.

హౌరా నుంచి అరగంట

డిసెంబరులో ఒక ఆదివారం హౌరాలో లోకల్ రైలెక్కి అందరం శ్రీరాంపూరు వెళ్లాం. పాత తెలుగు పుస్తకాలు శెరంపూరు అని పిలిచే ఊరు అదే. హౌరాకు 20 కిలోమీటర్లు, అరగంట పైచిలుకు ప్రయాణం. హుగ్లీ నది ఒడ్డున ఉన్న ఈ పట్టణం 1755 నుంచి 1845 వరకు డెన్మార్కు వారి అధీనంలో ఉండేది. 1800 సంవత్సరం జనవరిలో విలియం కేరీ ఇక్కడికి చేరారు. ఇంగ్లండులో చెప్పులు కుట్టి జీవించిన మనిషి ఆయన. జాషువా మార్ష్‌మన్, ముద్రణ తెలిసిన విలియం వార్డ్ ఆయనకు తోడు. వారి కుటుంబాలన్నీ ఒకే ఇంటివారుగా బతికాయి. భోజనం ఒకే బల్ల మీద. శనివారం సాయంత్రం అందరూ కూర్చుని, ఆ వారంలో ఒకరిపై ఒకరికి కలిగిన మనస్పర్థలను తీర్చుకోవాలని నియమం పెట్టుకున్నారు. ఈ నియమం విని నా శ్రీమతి, “ఇది మన ఇంట కూడా ఉండదగినదే” అన్నది.

కళాశాల ముందు నదివైపు నిలబడి మా అబ్బాయికి అసలు సంగతి చెప్పాను. 1805లో విశాఖపట్నం చేరిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషనరీలు, ఆనందరాయర్ అనే పండితుని సాయంతో సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ మరణించారు. వారి శ్రమ అచ్చయినది 1812లో, ఈ శ్రీరాంపూరులోనే. తాము అనువదించిన పుస్తకాన్ని వారు కంటితో చూడలేదు. 1814లో కేరీ తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన కూడా ఇక్కడే వెలువడ్డాయి. నేడు మన చేతిలో ఉన్న అనువాదం తరువాతివారు సరిదిద్దినదే అయినా, తెలుగు కొత్త నిబంధన తొలిసారి సంపూర్ణంగా అచ్చుకెక్కినది మాత్రం ఈ బెంగాలీ ఊరిలోనే.

“తెలుగువాళ్లు లేని ఊళ్లో తెలుగు అక్షరాలు ఎవరు చేశారు నాన్నా?” అని వాడు అడిగాడు.

పంచానన్ కర్మాకర్ అనే బెంగాలీ పనివాని గురించి చెప్పాను. లోహంలో అక్షరాలు చెక్కి పోతపోసే విద్యను ఆయన తన అల్లుడు మనోహర్‌కు నేర్పాడు. ఆ కార్ఖానాలో ఎన్నో భారతీయ భాషల అక్షరాలు తయారయ్యాయి. 1812 మార్చి 11వ తేదీ సాయంత్రం ముద్రణాలయంలో నిప్పంటుకుంది. కాగితం, పోత అక్షరాలు, ఏళ్ల తరబడి రాసుకున్న చేతిరాతలు బూడిదయ్యాయి. అయితే అచ్చుయంత్రాలు దక్కాయి; బూడిదలో వెదకగా అక్షరాల మూసలు చెడకుండా దొరికాయి. కరిగిపోయిన లోహాన్నే పోగుచేసి అక్షరాలను మళ్లీ పోతపోశారు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో రైలు బాలీ స్టేషను దాటుతుండగా, “అన్నీ కాలిపోతే మళ్లీ మొదటినుంచి చేశారన్నమాట. నాకు యాభైఆరు అక్షరాలేగా నాన్నా నేర్చుకోవలసింది?” అన్నాడు.

బియ్యం పళ్లెంలో ఓనమాలు

మరునాడు అరిసెలకు బియ్యం ఏరుతున్న వేళ, అమ్మ ఒక పళ్లెంలో బియ్యం పరచి, మనవడి వేలు పట్టుకుని ‘అ’ దిద్దించింది. ఆమెకు అక్షరం కనిపించదు. కాని వేలికి దారి తెలుసు. ఒత్తు ఎక్కడ తప్పినా చేతి కదలికను బట్టి కనిపెట్టేది. అమ్మాయి కూడా పక్కన చేరింది. పది రోజులు ఇదే పని. గుణింతాలు వచ్చాయి, ఒత్తులు తంటా పెట్టాయి. “వచ్చాడు అనకుండా వచ్చెను అని ఎందుకు రాశారు?” అని వాడడిగితే, “మా తాతల నాటి రాత అలాగే ఉండేది నాయనా. పెద్దవాళ్ల మాట పెద్దవాళ్ల తీరున వినాలి” అన్నది అమ్మ.

ఆ అరిసెల సంగతి కూడా చెప్పాలి. బెంగాలులో శీతకాలపు భాగ్యం నలేన్ గుడ్. అనగా మన ఈతచెట్ల వంటి చెట్ల నుంచి తీసిన కొత్త బెల్లం. ఆ బెల్లపు అచ్చులతో పాకం పడితే అరిసెకు ఒక ప్రత్యేకమైన సువాసన వస్తుంది. మేము పంచిన అరిసెలకు బదులుగా పైఅంతస్తు మామ్మ సంక్రాంతినాడు పాటిసాప్టా పిఠాలు పంపుతుంది. ఇక్కడివారు క్రిస్మస్‌ను ‘బొడోదిన్’, అంటే పెద్దరోజు, అంటారు. ఏ మతంవారైనా ఆనాడు కేకు కొనని ఇల్లు అరుదు. న్యూమార్కెట్‌లో ఉన్న, 1902లో మొదలైన నాహూమ్ దుకాణం ముందు కేకుల కోసం బారులు తీరుతారు. అది యూదుల దుకాణం. కొనేవారిలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఉంటారు. ఈ నగరంలో నాకు నచ్చిన గుణాల్లో ఇదొకటి.

డిసెంబరు 24 రాత్రి మా అబ్బాయి పుస్తకం తెరిచి లూకా సువార్త రెండో అధ్యాయం చదవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క మాటను కూడబలుక్కుంటూ, వేలితో వరుసను పట్టుకుంటూ చదివాడు. ఒకచోట ఆగిపోయాడు. కన్నులు మూసుకుని ఉన్న అమ్మ ఆ మాటను అందించింది. మరికొంత దూరం పోయి మళ్లీ ఆగాడు, మళ్లీ అందించింది. నాలుగోసారి వాడు తలెత్తి చూశాడు.

“నాయనమ్మా, నీకు అంతా కంఠతా వచ్చుగా! మరి నా చేత చదివించడం ఎందుకు?”

“నాకు వచ్చింది నాతో పోతుంది గదరా. నువ్వు తప్పు చదివితే దిద్దడానికి నేనుండగానే నువ్వు చదవాలి.”

ఆ రాత్రి అధ్యాయం ముగియడానికి ముప్పావుగంట పట్టింది. అమ్మాయి మధ్యలోనే నిద్రపోయింది. నేను మాత్రం చిన్ననాడు మా పెంకుటింటి వసారాలో లాంతరు వెలుగున నాన్న ఒళ్లో కూర్చుని విన్న గొంతులన్నింటినీ తిరిగి విన్నాను.

సహోద్యోగ మిత్రులకు ఒక్క మనవి. ఏ ఇంటి పుస్తకం ఆ ఇంటిది. ఒకరింట రామాయణం, ఒకరింట పోతన భాగవతం, మరొకరింట ఖురాను, ఇంకొకరింట తాతగారి ఉత్తరాల కట్ట కావచ్చు. రోజులో అరగంట దానికివ్వండి. ఫోనులోని గొంతు మనకంటే బాగా చదువుతుంది, సందేహం లేదు. కాని అది తడబడదు కాబట్టి దానికి మాట అందించే అవసరం ఇంట్లో ఎవరికీ రాదు.

ఇప్పుడు నేను ఎనిమిదింటికి ఇంటికి చేరుతున్నాను. మా అబ్బాయి అపొస్తలుల కార్యాల వరకు వచ్చాడు. ‘క్ష’ దగ్గర ఇంకా ఒకసారి ఆగుతాడు. అమ్మ ప్రార్థనలోని జాబితాకు ఈ మధ్య మరొక పేరు చేరింది. మనోహర్ అనే ఆ అక్షరాల పనివాడు ఏనాడో గతించాడని ఎంత చెప్పినా, అతని వంశం ఎక్కడ ఉన్నా చల్లగా ఉండాలని ఆమె ప్రార్థిస్తూనే ఉంది.