పోకచెట్టు మీద మిరియం

గోవా అంటే సముద్రతీరమే అనుకునేవారు పోండా వైపు కులాగర్లు అనే తోటలు చూడాలి. ఆ తోటల్లో మిరియపు తీగ పోకచెట్టునే అల్లుకుంటుంది. పక్కనే జాజికాయ, అరటి, నీడలో యాలకులు. మిరియం ధర పడిపోయిన ఏడాది పోకా కొబ్బరీ ఆదుకుంటాయి. సందర్శకుల టికెట్టూ అలాంటి మరో పంటే. భోజనంతో, కొట్టుతో ముగిసే ఈ తోట సందర్శనంతా వ్యాపారమేనని కొందరి విసుగు. వ్యాపారమే, కాదనలేం. కానీ తోటలో వెనిల్లా వెనుక శ్రమ చూడండి: దాని పువ్వు ఒక్క పూటే విచ్చుకుంటుంది. ఆలోగా సన్నటి పుల్లతో పుప్పొడి అంటించాలి. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే బానిస బాలుడు కనిపెట్టిన కిటుకిది. పచ్చికాయకు వాసనే ఉండదు, నెలల తరబడి మగ్గితేనే పరిమళం. ఈ శ్రమ చూశాక ధర మీద గొణుగుడు తగ్గుతుంది. కోకం, కొబ్బరిపాలు కలిపిన సోల్‌కఢీ అనే పానీయం కూడా ఆ తోట సరుకే. ‘సేంద్రియం’ బోర్డును మాత్రం నమ్మేయకుండా ధ్రువపత్రం అడగాలి.