నంబరు ఉంది, ఫైలు ఏది?

నయాపూల్ దగ్గర మూసీ దక్షిణపు గట్టున 1920 నుంచి నడుస్తున్న హైకోర్టు భవనంలో "రిట్ పిటిషన్ 1215" అని మాత్రమే అడిగితే ఎవరూ కట్ట తీసి ఇవ్వరు, ఏ సంవత్సరానిదని అడుగుతారు. రిట్ పిటిషన్ల వరుస ఏటా ఒకటితో మళ్లీ మొదలవుతుంది గనక ఆ నంబరు ప్రతి ఏడాదీ ఇంకెవరిదో అవుతుంది. సంవత్సరం జోడిస్తేనే అది ఫలానా మనిషి కేసు. ఈ-కోర్టుల సీఎన్ఆర్ నంబరుదీ ఇదే కట్టుబాటు: మొత్తం 16 స్థానాల్లో ముందు రాష్ట్రం, జిల్లా, కోర్టు గుర్తులు, తర్వాత ఆరంకెల వరుస నంబరు, చివర నాలుగంకెల సంవత్సరం. బెంచి మారినా, కట్ట ఒక సెక్షన్ నుంచి మరో సెక్షన్‌కు పోయినా గుర్తింపు చెదరదు. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే యంత్రాంగం కూడా ఇలాంటి అంకె మీదే ఆధారపడి బతుకుతోంది. ఆ అంకె దొరకని చోట కంప్యూటర్ "స్టేల్ ఫైల్ హ్యాండిల్" అని చేతులెత్తేస్తుంది. చాలామంది దాన్ని నెట్‌వర్క్ జబ్బు అనుకుంటారు. నా దృష్టిలో అది ఆ యంత్రాంగం చేసే అత్యంత నిజాయితీ గల పని, లోపం ఉన్నది దాని వెనకున్న డిస్కు ఏర్పాటులో.

సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో ప్రకటించి, మరుసటి ఏడు సన్‌ఓఎస్ 2.0తో అందించిన నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, అంటే ఎన్ఎఫ్ఎస్, ఒక సాహసమైన నిర్ణయంతో పుట్టింది. ఎవరు ఏ ఫైలు తెరిచారో సర్వర్ గుర్తుపెట్టుకోదు. అడిగేవాడే ప్రతిసారీ పూర్తి వివరం పంపాలి. అందువల్ల సర్వర్ మధ్యలో ఆగి మళ్లీ లేచినా ఏమీ పోదు, క్లయింట్ అడిగిందే మళ్లీ అడుగుతూ ఉంటే చాలు, పని ఆగిన చోటి నుంచి సాగుతుంది. ఆ పూర్తి వివరమే ఫైల్ హ్యాండిల్. రెండో వెర్షన్‌లో దాని నిడివి సరిగ్గా 32 బైట్లు. అందులో ఏ ఫైల్ సిస్టమ్, ఏ ఐనోడ్ (డిస్కు మీద ఫైలు వివరాలుండే నమోదు) నంబరు అన్నవాటితో పాటు తరం సంఖ్య కూడా సర్వర్ రాసి ఇస్తుంది. యూనిక్స్‌లో ఫైలు చెరిపేస్తే దాని ఐనోడ్ నంబరు మరో కొత్త ఫైలుకు దక్కుతుంది. అందుకే సన్ ఇంజనీర్లు ఐనోడ్‌లో తరం సంఖ్యను చేర్చి, నంబరు చేతులు మారినప్పుడల్లా అది మారేలా చేశారు. పాత హ్యాండిల్ వస్తే తరం కలవదు, సర్వర్ 70 నంబరు దోషం తిప్పి పంపుతుంది. కోర్టు సంవత్సరం చేసే పనే ఇది. ఒకరి కట్ట మరొకరి చేతిలో పడకుండా ఆపుతుంది.

ఇంత తంటా ఎందుకు, ఫైలు పేరు, దారి పంపితే పోదా అని అడగొచ్చు. పోదు. యూనిక్స్‌లో తెరిచి ఉంచిన ఫైలు పేరు మరొకరు మార్చినా, తెరిచినవాడి పని చెడకూడదు. పేరే గుర్తింపైతే పేరు మార్చగానే ఫైలు మాయమవుతుంది. అంతకన్నా ప్రమాదం, ఆ పేరుతో ఇంకెవరైనా కొత్త ఫైలు పెడితే మొదటివాడి రాత దాని మీద పడుతుంది.

ఇప్పుడు ఫ్యాట్ సంగతి. పెన్‌డ్రైవ్‌లలో, కెమెరా కార్డులలో నేటికీ కనిపించే ఈ ఫైల్ సిస్టమ్ 1977లో మైక్రోసాఫ్ట్‌లో ఫ్లాపీల కోసం పుట్టింది. ఒక మనిషి, ఒక యంత్రం, ఒక ఫ్లాపీ అన్న రోజులవి. ఇక్కడ ఫైలుకున్న నమోదు కూడా 32 బైట్లే: పేరుకు 11, లక్షణాలకు 1, తేదీలూ సమయాలూ, డేటా మొదలయ్యే క్లస్టర్, చివర సైజుకు 4. ఐనోడ్ లేదు, తరం లేదు, వాటిని రాసుకునే చోటూ లేదు. 512 బైట్ల సెక్టార్‌లో ఇలాంటి నమోదులు 16 పడతాయి. ఫైలు చెరిపితే దాని నమోదులో మొదటి బైటు 229గా మారుతుంది, అంతే. ఆ గడి ఖాళీ అని అర్థం. తర్వాత వచ్చే ఫైలు అందులోనే కూర్చోవచ్చు. మొదటి క్లస్టర్ నంబరునే గుర్తింపుగా వాడదామంటే, ఖాళీ ఫైళ్లన్నిటికీ అది సున్నా.

అందుచేత లినక్స్ మామూలుగా చేసేది ఇది: ఫ్యాట్ ఫైలును మెమరీలోకి తెచ్చినప్పుడు ఒక ఐనోడ్ నంబరును అప్పటికప్పుడు కల్పిస్తుంది, తరం సంఖ్యగా ఒక యాదృచ్ఛిక విలువ వేస్తుంది. ఒకే యంత్రంలో వాడుకునేవారికి ఇది చాలు. నెట్‌వర్క్ మీద పంచితే మాత్రం, మెమరీ ఇరుకై కెర్నల్ ఆ ఐనోడ్‌ను వదిలేయగానే గుర్తింపు గాలికి పోతుంది. ఫైలు కార్డులో చెక్కుచెదరకుండా ఉంటుంది, అయినా లినక్స్ క్లయింట్‌లో అదే స్టేల్ దోషం, అక్కడి లెక్కలో 116 నంబరుతో, వస్తుంది. పెద్ద ఫోల్డర్ కాపీ చేస్తున్నప్పుడు సగంలో ఇది ఎదురైనవారి విసుగు న్యాయమైనదే. సర్వర్ ఐనోడ్లన్నిటినీ మెమరీలోనే పట్టి ఉంచితే సరిపోదా అంటే, మెమరీకి హద్దుంది, పైగా ఒక్కసారి రీబూట్ అయితే అదంతా పోతుంది. దేన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదన్న ఎన్ఎఫ్ఎస్ బలం కూడా దాంతో పాటే పోతుంది.

2013లో లినక్స్ 3.10లో చేరిన మార్పు నా వాదనకు గట్టి సాక్ష్యం. సామ్‌సంగ్ ఇంజనీర్లు ఫ్యాట్‌కు 'నోస్టేల్_ఆర్ఓ' అనే మౌంట్ ఆప్షన్ తెచ్చారు. నమోదు డిస్కులో ఏ గడిలో ఉందో ఆ స్థానాన్నే ఇది హ్యాండిల్‌లో పెడుతుంది, కాబట్టి మెమరీ ఖాళీ అయినా ఫైలును మళ్లీ వెతికి పట్టుకోవచ్చు. కానీ చెరపడానికీ, పేరు మార్చడానికీ, కొత్తవి సృష్టించడానికీ వీలిస్తే ఆ గడిలోకి మరో ఫైలు వస్తుంది. పాత హ్యాండిల్ దాన్నే చూపిస్తుంది, రాత తప్పుడు ఫైలులో పడి డేటా చెడుతుంది. అందుకే ఈ ఆప్షన్ పెడితే కార్డు చదవడానికి మాత్రమే మౌంట్ అవుతుంది. రాయాలంటే 'స్టేల్_ఆర్‌డబ్ల్యూ' వాడి, మధ్యలో దోషం రావచ్చని ఒప్పుకోవాలి. గుర్తింపు డిస్కు మీదే లేనప్పుడు రాసే స్వేచ్ఛ, చెక్కుచెదరని హ్యాండిల్ రెండూ కలిపి ఇవ్వడం కుదరదని వాళ్లు దాచకుండా చెప్పారు. ఆ నిర్ణయం నాకు గౌరవం కలిగిస్తుంది.

విండోస్ తరహా షేరింగ్‌లో ఈ గొడవే లేదు కదా అన్న అభ్యంతరం బలమైనదే. అక్కడ ఫైలును పేరుతో తెరుస్తారు, తెరిచి ఉన్నంతసేపూ సర్వర్ దాన్ని పట్టుకునే ఉంటుంది, ఐనోడ్ జారిపోదు. ఇంట్లో ఒక పెన్‌డ్రైవ్ పంచడానికి నేనూ అదే వాడమంటాను. కాకపోతే అక్కడ సర్వర్ రీబూట్ అయితే తెరిచి ఉన్న ఫైళ్లు సాధారణంగా తెగిపోతాయి. ఎన్ఎఫ్ఎస్ తప్పించదలచుకున్నది సరిగ్గా దాన్నే. ఎన్ఎఫ్ఎస్ నాలుగో వెర్షన్ 2000లో వచ్చినప్పుడు, ఈ హ్యాండిల్ శాశ్వతం కాదని సర్వర్ ముందే చెప్పే వీలు కల్పించింది. చెల్లిపోయాక పేరుతో మళ్లీ వెతుక్కునే భారం మాత్రం క్లయింట్ మీదే పడుతుంది, ఈలోగా పేరు మారితే మళ్లీ చిక్కే. ఎన్ఎఫ్ఎస్ తప్పనిసరైన చోట కార్డును చదవడానికి మాత్రమే మౌంట్ చేసి, మార్చాల్సిన ఫైళ్లను ఈఎక్స్‌టీ4 డిస్కులోకి కాపీ చేసి అక్కడి నుంచి పంచాలి. ఈఎక్స్‌టీ4 తరం సంఖ్యను ఐనోడ్‌తో పాటు డిస్కు మీదే రాసిపెడుతుంది, రీబూట్ తర్వాత కూడా అదే చదువుకుంటుంది.