బాయ్‌కాట్: ఒక పెత్తందారు పేరు

కోరుట్లలో ఒక పిల్లవాడు అడిగాడు: ‘‘బాయ్ అంటే పిలగాడు, కాట్ అంటే మంచం. రెండూ కలిస్తే బహిష్కరణ ఎట్లయితది సార్?’’ నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదిది. నిఘంటువు అర్థం చెబుతుందే గాని, అది ఒక మనిషి ఇంటిపేరని చెప్పదు.

చార్లెస్ బాయ్‌కాట్ ఐర్లండులోని మేయో ప్రాంతంలో ఎర్న్ ప్రభువు భూములకు ఏజెంటు. 1880లో రైతులు కౌలు తగ్గించమంటే వినక, భూములు ఖాళీ చేయించబోయాడు. జనం అతని మీద చెయ్యి చేసుకోలేదు. కూలీలు చేను విడిచారు. దుకాణాల్లో సరుకు పుట్టలేదు. చివరికి బట్టలుతికే మనిషి కూడా రాలేదు. అతని పంట కోయడానికి ఉత్తరాది నుంచి యాభైమంది, వాళ్లకు కాపలాగా వెయ్యిమంది దాకా సైనికులు దిగారు. ఏడాది తిరగకుండానే అతను ఆ ఊరు వదిలాడు.

ఈ పనికి పేరు కావలసివచ్చింది. అమెరికన్ విలేఖరి జేమ్స్ రెడ్‌పాత్‌కు ‘ఆస్ట్రసైజ్’ తోచింది. ఏథెన్సు పౌరులు కుండపెంకుల మీద పేరు గీకి మనిషిని వెళ్లగొట్టిన పద్ధతి నుంచి వచ్చిన మాట అది. రైతులకది కొరుకుడు పడదు, ‘బాయ్‌కాట్’ అందామని ఓమాలీ అనే ఫాదరీ అన్నాడట. పండితుల మాట ఓడింది. 1905 ఆగస్టులో కలకత్తా సభ విదేశీ వస్తువుల మీద దాన్నే ప్రయోగించింది.

1978 నాటి జగిత్యాల, సిరిసిల్ల పల్లెలు మేయో పేరు విన్నవి కావు. అయినా జైత్రయాత్ర ముందువెనుకల అక్కడ దొరల గడీలకు చాకలి, మంగలి, జీతగాళ్ల పనులు ఆగిపోయాయి. రాతలో అది ‘సాంఘిక బహిష్కరణ’. ఊరి నోట ‘సాకలి మంగలి బందు’. బందు ఫార్సీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ఆగింది ఏమిటో, ఎవరి చేతుల్లో ఆగిందో ఆ మాటలోనే తెలుస్తుంది.

ఆ అక్టోబరులో ప్రభుత్వం ఈ రెండు తాలూకాలను ‘డిస్టర్బ్‌డ్ ఏరియా’ అన్నది. తెలుగులో కల్లోలిత ప్రాంతం. ఆ ఇంగ్లీషు క్రియ వెనుక లాటిన్ ‘తుర్బా’ ఉంది. దానికి గుంపు, అలజడి రెండూ అర్థాలే. జనం కూడితేనే అలజడి అన్న చూపు మనవాళ్లు కనిపెట్టింది కాదన్నమాట!

‘బహిష్కరణ’తో నాకొక పేచీ ఉంది. మన ఊళ్లలో వెలి పైవాడు కిందివాడి మీద వేసేది. దళితుల మీద అది ఆగలేదు గనుకనే, 2015లో అట్రాసిటీ చట్టాన్ని సవరించి సాంఘిక, ఆర్థిక బహిష్కరణలను నేరాల్లో చేర్చవలసివచ్చింది. దొర ఇంట పని మానడాన్నీ దీన్నీ ఒకే మాటతో పిలవడం నాకు మింగుడుపడదు. ఆ పిల్లవాణ్ణి మాత్రం ‘వెలి’, ‘బందు’ వేర్వేరు వరుసల్లో రాసుకొమ్మన్నాను.