ట్యాంక్‌బండ్ మీద కైట్‌బోర్డింగ్ చేయొచ్చా బ్రో?

రీల్ పదిహేను సెకన్లే. నీలం నీళ్లు, పైన నెలవంకలా వంగిన పెద్ద గాలిపటం, కింద బోర్డు మీద ఒకడు నీళ్లు చిమ్ముకుంటూ దూసుకొచ్చి అమాంతం గాల్లోకి లేస్తాడు. అది చూసిన మా హైదర్‌గూడ కుర్రాళ్లు అడిగేది ఒక్కటే: "అన్నా, మనకు హుస్సేన్ సాగర్ ఉంది కదా, అక్కడ చేయొచ్చా?"

అడగడంలో తప్పేం లేదు. లిబర్టీ దాటితే బైక్ మీద పది నిమిషాల్లో చెరువు. పైగా ఈ ఆట 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తొలిసారి అడుగుపెట్టింది. పోటీలు మార్సెయ్ తీరంలో జరిగాయి. సింగపూర్ కుర్రాడు మ్యాక్స్ మేడర్ 17 ఏళ్లకే కాంస్యం గెలిచాడు. మరి మనమెందుకు చేయకూడదు?

దీనికి జవాబు చెరువులో దొరకదు, గాలిలో ఉంది. అందుకే ఈ వానాకాలం కొన్ని సాయంత్రాలు చెరువు చుట్టూ తిరిగాను. కైట్ ఎగరేయడానికి కాదు. ఎక్కడ ఎగరేయకూడదో, ఎందుకు ఎగరేయకూడదో అర్థం చేసుకోవడానికి.

ముందు గాలి లెక్క

సంక్రాంతి పతంగిని మనం లాగుతాం. కైట్‌బోర్డింగ్‌లో పతంగే మనల్ని లాగుతుంది. తేడా అక్కడే ఉంది. నడుముకు కట్టిన పట్టీకి, కైట్‌కు మధ్య 20 నుంచి 24 మీటర్ల దారాలుంటాయి. గాలి వేగం రెట్టింపైతే లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలిలో హాయిగా ఉన్నవాడిని 40 కిలోమీటర్ల విసురు ఒక్కటి వచ్చి ఎత్తి పడేస్తుంది.

నీళ్ల మీద పడితే తడుస్తాం. రోడ్డు మీద పడితే?

అందుకే ఈ ఆట నేర్పేవాళ్లు మొదట చెప్పే సూత్రం: నీ వెనక ఏముందో కాదు, గాలివాటున నీ ముందు ఏముందో చూడు. దారం పొడవుకు కనీసం రెండింతలు, అంటే దాదాపు 50 మీటర్లు, మనిషి గానీ చెట్టు గానీ గోడ గానీ తీగ గానీ ఉండకూడదు. కొత్తవాళ్లకు 100 మీటర్లున్నా ఎక్కువేం కాదు.

చెరువును నాలుగు వైపుల నుంచి చూస్తే

వానాకాలంలో హైదరాబాద్‌లో గాలి ఎక్కువగా పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది. ఏటా జులైలో హుస్సేన్ సాగర్ మీద తెరచాప పడవల పోటీలు పెట్టేది ఈ గాలి కోసమే. దాన్ని గుర్తుపెట్టుకుని ఒక చుట్టు తిరుగుదాం.

నెక్లెస్ రోడ్: ఇది పడమటి ఒడ్డు. ఇక్కడ గాలి ఒడ్డు మీంచి నీళ్ల మీదకు పోతుంది. దీన్నే ఆఫ్‌షోర్ అంటారు. ఒడ్డు దగ్గర నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి, అదే మోసం. చెట్లు, భవనాలు గాలిని చీల్చి సుడులు తిప్పుతాయి. అడ్డున్న దాని ఎత్తుకు ఏడెనిమిది రెట్ల దూరం దాకా ఆ గందరగోళం ఉంటుంది. 20 మీటర్ల భవనం ఉందంటే 150 మీటర్ల వరకు గాలి నమ్మదగ్గది కాదు. ఏదైనా తేడా వస్తే తిరిగి ఒడ్డుకు రాలేం, చెరువు మధ్యకు కొట్టుకుపోతాం.

ట్యాంక్‌బండ్: తూర్పు వైపు. గాలి నేరుగా ఒడ్డు మీదకే వస్తుంది. కొట్టుకుపోయే భయం లేదు గానీ, కైట్ మనల్ని లాక్కెళ్లి కొట్టేది రాతికట్టకు. దాని పైన రెయిలింగ్, విగ్రహాలు, దీపస్తంభాలు, ఆగని ట్రాఫిక్. ఇది అన్నిటికన్నా ప్రమాదమైన చోటు.

లుంబినీ పార్క్ వైపు: నైరుతి గాలికి ఎదురుగా సచివాలయం, 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, గుబురు చెట్లు. అన్నీ గాలికి అడ్డమే. దానికి తోడు బుద్ధుడి దగ్గరకు వెళ్లొచ్చే పడవల రాకపోకలు.

సంజీవయ్య పార్క్: ఉత్తరపు ఒడ్డు. కాగితం మీద ఇదే బెస్ట్. నైరుతి గాలి నీళ్ల మీంచి ఓరగా ఒడ్డుకు వస్తుంది. కైట్ చేతులెత్తేసినా ఒడ్డుకే చేరతాం. గాలి ఎటుందో చెప్పడానికి 2016లో నిలిపిన 291 అడుగుల స్తంభం మీద జాతీయ జెండా ఉంది. కానీ ఒడ్డు దాటగానే చెట్లు, జనం, వాటి వెనక ఎంఎంటీఎస్ రైలు మార్గం. ఆ తీగల్లో ఉండేది 25 వేల వోల్టుల కరెంటు. తడి దారంతో కైట్ అటు పోయిందంటే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

ఇక నీళ్ల అడుగున సంగతి. ఏటా నిమజ్జనం తర్వాత క్రేన్లు ఎంత తీసినా ఇనుప చువ్వలు, చెక్కలు కొన్నైనా ఒడ్డు దగ్గర మిగలవని ఎవరూ హామీ ఇవ్వలేరు. మురుగు సంగతి ముక్కే చెబుతుంది.

కాబట్టి కుర్రాళ్లకు నా జవాబు: వద్దు తమ్ముడూ. హుస్సేన్ సాగర్‌లో నీళ్లున్నాయి, గాలి ఉంది, పడిపోవడానికి చోటే లేదు.

మరి ఎక్కడ?

ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నగరం తాగునీటి కోసం కట్టినవి, ఆ ఆలోచనే వద్దు. లోతు తక్కువ, మైళ్ల కొద్దీ నీళ్లు అనగానే పులికాట్ గుర్తొస్తుంది. అది ఫ్లెమింగోల అభయారణ్యం. మన సరదా కోసం వాటిని బెదరగొట్టకూడదు.

నేర్చుకోవాలంటే రామేశ్వరం వైపో, గోవాలో మోర్జిమ్ తీరానికో వెళ్లడం మేలు. అక్కడ శిక్షణ ఇచ్చేవాళ్లున్నారు, ఖాళీ ఇసుక ఒడ్డు ఉంది. వెళ్లేలోపు హైదరాబాద్‌లో చేయగలిగింది కూడా ఉంది. ఈత బాగా నేర్చుకోండి. హుస్సేన్ సాగర్‌లోనే సెయిలింగ్ క్లబ్బులున్నాయి, చిన్న తెరచాప పడవ నడపడం మొదలుపెట్టండి. గాలి చదవడం అక్కడ వచ్చేస్తుంది.

ఏ చెరువైనా ఈ ఆరు చూడండి

1. గాలి ఒడ్డుకు పక్కగా గానీ, ఓరగా ఒడ్డు మీదకు గానీ రావాలి. నీళ్ల వైపు పోయే గాలైతే దిగొద్దు.

2. గాలివాటున 100 మీటర్లు ఖాళీగా ఉండాలి. కరెంటు తీగ ఒక్కటి కనిపించినా చోటు మార్చండి.

3. ఎక్కే చోటుతో పాటు, కొట్టుకుపోతే బయటపడే చోటు కూడా ముందే నడిచి చూసుకోండి.

4. దిగే ముందు పది నిమిషాలు గాలిని గమనించండి. ఒకసారి వీచి, ఒకసారి చచ్చిపోతుంటే ఆ రోజుకు సెలవు.

5. నల్లటి క్యుములోనింబస్ మేఘం కనిపిస్తే కైట్ దించేయండి. వాన కన్నా ముందు ఈదురుగాలి వస్తుంది.

6. ఒడ్డు మీద కైట్‌ను నెత్తి మీద నిలబెట్టి కబుర్లు చెప్పొద్దు. పక్కన తెలిసిన మనిషి, తలకు హెల్మెట్, ఒంటికి లైఫ్ జాకెట్ ఉండాలి. కైట్‌ను వదిలించుకునే క్విక్ రిలీజ్ ఎక్కడుందో కళ్లు మూసుకున్నా చెయ్యి అక్కడికే పోవాలి. అనుమతి అవసరమైన చోట అది లేకుండా దిగొద్దు.

ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ కైట్ చవగ్గా దొరికిందని మా గల్లీలో ఒకడు ఆర్డర్ పెట్టబోతున్నాడు. ఆ డబ్బుతో ముందు శిక్షణకు వెళ్లమన్నాను. ఆలోచిస్తానన్నాడు. ఈ వ్యాసం లింకు మొదట వాడికే పంపుతున్నా.