పాత ఆటలోకి కొత్త ఆటగాళ్లు ఎలా వస్తారు?

మార్కాపురం పలక మీద బలపంతో ఒక పేరు రాసి, తుడిచి, ఇంకో పేరు రాయండి. పలక అదే, పేరే మారింది. కంప్యూటర్ క్రికెట్‌లో జరిగేదీ ఇదే.

ఈఏ స్పోర్ట్స్ కంపెనీ ‘క్రికెట్ 07’ ఆట 2006లో వచ్చింది. అప్పటికి మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి మూడేళ్లు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో అతను 114 పరుగులు కొట్టాడు. ఆ కంపెనీ మాత్రం ‘క్రికెట్ 07’ తర్వాత మరో క్రికెట్ ఆట తేలేదు. పైగా హక్కులు లేక మన జట్టు వాళ్లకు అందులో మార్చిన పేర్లే ఉండేవి. అందుకే అభిమానులే పూనుకుని కొత్త జాబితాలు తయారుచేశారు.

ఎలాగంటే, ఆటకు మనుషులు తెలియరు, అంకెలే తెలుసు. ఒక్కో ఆటగాడు ఒక్కో వరుస: పేరు, చేతివాటం, బ్యాటింగ్ బలం, బౌలింగ్ తీరు. ఈ వరుసలన్నీ ఉన్న ఫైలే రోస్టర్. దాన్ని డాక్యుమెంట్స్‌లో ఆ ఆట పేరుతో ఉన్న ఫోల్డర్‌లో పెట్టి, ఆట తెరిచి, లోడ్ చేయాలి. చాలామంది తడబడేది ఇక్కడే. కాపీ చేస్తే చాలదు. లోడ్ చేసేదాకా తెర మీద పాత పేర్లే కనిపిస్తాయి. ముందే పాత ఫైలుకు ఒక నకలు దాచుకోండి. పలక మీద తుడిచింది తిరిగి రాదు కదా!

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని, రోస్టర్‌ను మార్చే ఎడిటర్‌తో గిద్దలూరు వీధి జట్టును ఎక్కించడం. మీ ఎడమచేతి స్పిన్నర్‌కు ఎంత నైపుణ్యం వేస్తారు? స్నేహితుడని తొంభై వేసేయకండి. అతని బంతి ఎంత తిరుగుతుందో నాలుగు సాయంత్రాలు గట్టు మీద కూర్చుని చూసి, అప్పుడు అంకె వేయండి.