మంచుసీమ తల్లులు, మన పురిటిండ్లు

శీతకాలము ప్రవేశింపగానే షామీరుపేట మొదలగు హైదరాబాదు పరిసరపు చెఱువులకు ఉత్తరాసియానుండి సూదితోకబాతులవంటి వలసపక్షులు వచ్చుచుండును. చలికి తాళలేక వచ్చినవని మనము జాలిపడుదుము. ఆ జాలి యనవసరము. అచ్చట నీరు గడ్డకట్టి మేత దొరకకపోవుటయే వాని ప్రయాణమునకు ముఖ్యకారణము. చలిని గెలుచు సాధనములు వాని మేననే యున్నవి. పాదములకు ఈకలు లేవుగదా, మంచునీటిలో నెట్లు నిలుచుననిన, పాదమునకు దిగు వెచ్చని రక్తమును, తిరిగి పైకి పోవు చల్లని రక్తమును పక్కపక్కనే ప్రవహించును. దిగునది తన వేడిని త్రోవలోనే పైకి పోవుదాని కప్పగించును.

ఉత్తరధ్రువసీమలో చలి సున్నకు దిగువ 40 డిగ్రీలకు చేరినను, ఆ తావు విడువని జంతువులు కలవు. ఉన్ని వేడి నిచ్చునని మన యిండ్లలో ననుకొందురు. ఉన్ని వేడిని పుట్టింపదు. వేడి పుట్టునది దేహములో, తిన్న తిండివలన. వెండ్రుకల సందులలో కదలక చిక్కుకొన్న గాలి దానిని వెలికి పోనీయదు. మేడ్చలు పొలములలో గొఱ్ఱెలకాపరి కప్పుకొను నల్లగొంగడి చేయు పనియు నిదియే. తెల్లయెలుగుబంటి వెండ్రుక లోపల బోలుగా నుండును. చర్మముక్రింద దళమైన కొవ్వుపొర యుండును. రోమములులేని ధ్రువపు తిమింగిలమునకు కొవ్వే దుప్పటి. అది మూరెడు మందమువఱకు నుండును!

పిల్లల సంగతి వేఱు. బిందెలోని వేడినీటికంటె చెంబులోని నీరు త్వరగా చల్లాఱునుగదా. దేహ మెంత చిన్నదో, వేడి యంత త్వరగా పోవును. తెల్లయెలుగుబంటి నడిచలికాలమున మంచుగుహలో నీనును. పుట్టినపుడు పిల్ల యించుమించు 600 గ్రాములే తూగును. మేన నూగు తప్ప మఱేమియు లేదు. తల్లి దానిని రొమ్మున నదుముకొని, కొవ్వుమెండైన పాలిచ్చి కాపాడును.

మన పసికందుల స్థితియు నిట్టిదే. తడిసిన మేనినుండి వేడి మఱింత వడిగా పోవును. బిడ్డ పుట్టగానే స్నానము చేయింపవలెనని పెద్దలు పట్టుపట్టు ఇండ్లు నేటికిని కలవు. శుచిపై వారికిగల శ్రద్ధను గౌరవింతును గాని, తెల్లవాఱుజామున శిశువును నీటిలో ముంచుట నాకు సమ్మతము కాదు. మొదటి స్నానమునకు 24 గంటలైనను ఆగుడని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. బిడ్డను పొడిగా తుడిచి, తలకు కుళ్లాయి పెట్టి, తల్లిరొమ్మున బట్ట అడ్డములేక పరుండబెట్టి, పైన దుప్పటి కప్పవలెను. కడుపు వెచ్చనై పాదములు చల్లనున్నచో బిడ్డకు చలి తగులుచున్నదని గుర్తు. రెండును చల్లనైనచో బిడ్డను వెచ్చగా హత్తుకొనియే తక్షణము వైద్యుని చేరవలెను.

నెలలు నిండకయో, తూకము తక్కువగనో పుట్టినవారి కీ పద్ధతి మఱింత ముఖ్యము. కొలంబియా దేశమున బొగొటా నగరపు వైద్యుడు ఎడ్గార్ రే, వెచ్చనిపెట్టెలు చాలనందున 1978లో దీని నారంభించెను. అట్టి శిశువులను పుట్టినది మొదలు దినమునకు 8 గంటలకు తక్కువ కాకుండ ఇట్లు హత్తుకొనవలెనని 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. తల్లి యలసినపుడు తండ్రియైనను, అమ్మమ్మయైనను ఆ పని చేయవచ్చును.