కొబ్బరి మానుకు మేకు కొట్టకండి!

మా పెరటి కొబ్బరి మానుపై ఎర్రటి జిగురు కారుతుంటే మొదట మేము పట్టించుకోలేదు. కొన్నాళ్లకు అది నల్లబడింది. ఉలితో చెక్కి చూడగా లోపలి భాగం కుళ్లిపోయి ఉంది. బట్టల తాడు కోసం ఏనాడో మేమే కొట్టిన మేకు సరిగ్గా అక్కడే ఉంది.

ఈ తెగులును కలిగించే శిలీంధ్రం పగుళ్లు, గాయాల గుండా కాండంలోకి ప్రవేశిస్తుంది. మామిడి, వేప చెట్ల వలె కొబ్బరి తన గాయాన్ని పూడ్చుకోలేదు. పడిన గంటు జీవితాంతం నిలిచిపోతుంది.

కుళ్లిన భాగాన్ని గట్టి కాండం తగిలేవరకు చెక్కి తీసి కాల్చివేశాము. ఆ చోట బోర్డో పేస్టు పూశాము. 50 గ్రాముల ట్రైకోడెర్మాను 5 కిలోల వేపపిండితో కలిపి పాదులో వేశాము. నీరు నిలవకుండా కాలువ తీశాము.

జిగురు కారడం ఆగింది. మచ్చ మాత్రం మిగిలింది. చెట్టుకు మేకు కొట్టబోయేవారు, ఎక్కడానికి మెట్లు చెక్కబోయేవారు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి.